ఐదో అంతస్తుకి ఎండ ఎలా తగులుతోంది? రెవిట్ మోడల్‌ని ఎనర్జీ సాఫ్ట్‌వేర్‌లోకి పంపేటప్పుడు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: గచ్చిబౌలిలో రెండు సెల్లార్లు, స్టిల్ట్, దాని మీద తొమ్మిది ఆఫీసు అంతస్తులు. ఆర్కిటెక్ట్ ఇచ్చిన రెవిట్ (బిల్డింగ్‌ని త్రీడీలో గీసే సాఫ్ట్‌వేర్) మోడల్ నుంచి జీబీఎక్స్‌ఎంఎల్ (గదుల ఆకారాల్ని ఎనర్జీ సాఫ్ట్‌వేర్‌కి మోసుకెళ్లే) ఫైలు తీసి, ఎనర్జీ లెక్క కట్టే డిజైన్‌బిల్డర్‌లో తెరిస్తే కొన్ని గదులు లేవు. నాలుగు, ఐదు అంతస్తుల సీలింగులు రూఫ్‌గా వచ్చాయి. డిజైన్‌బిల్డర్ వెనక లెక్క నడిపే ఇంజిన్ ఎనర్జీప్లస్ ఒక్కోసారి సివియర్ ఎర్రర్లతో ఆగిపోతోంది, ఆగకుండా నడిచినప్పుడేమో కూలింగ్ లోడ్ నమ్మేలా లేదు. డిజైన్‌బిల్డర్‌లో ఏ సెట్టింగ్ మారిస్తే ఇది సర్దుకుంటుంది, లేక జీబీఎక్స్‌ఎంఎల్ మానేసి ఐఎఫ్‌సీకి (బిల్డింగ్ మోడళ్లు పంచుకునే మరో ఫైలు రకం) మారాలా?

డిజైన్‌బిల్డర్‌లో మార్చాల్సింది దాదాపు ఏమీ లేదు. ఈ లక్షణాల్లో ఎక్కువ భాగం రెవిట్‌లో గదుల సరిహద్దుల దగ్గర పుట్టినవే. అక్కడ సరిచేయకుండా ఇటువైపు ఒక్కో సర్ఫేస్ పట్టుకుని అతుకులు వేస్తూ కూర్చుంటే, వచ్చే వారం ఆర్కిటెక్ట్ కొత్త రివిజన్ పంపగానే ఆ అతుకులన్నీ మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి.

రెవిట్‌లో గోడ అంటే 200 మి.మీ. ఏఏసీ (తేలికపాటి కాంక్రీటు) బ్లాకు, రెండు వైపులా ప్లాస్టరు ఉన్న వస్తువు. ఎనర్జీప్లస్‌కి గోడ అంటే మందం లేని తలం. పదార్థాలు, మందం దానికి తగిలించిన వివరాలు మాత్రమే. ప్రతి తలానికీ అవతల ఏముందన్నదానికి ఒక్కటే జవాబు ఉండాలి: బయటి గాలి, నేల, లేదా ఫలానా జోన్ (లెక్కలో ఒకే ఉష్ణోగ్రతగా తీసుకునే భాగం). ఎక్స్‌పోర్ట్‌లో జరిగేదల్లా మందం ఉన్న వస్తువుల మధ్య ఖాళీలను మూసిన పెట్టెలుగా మార్చి, ఆనుకుని ఉన్న పెట్టెలను జత కలపడం. రెండు పెట్టెల మధ్య దూరం మామూలు గోడ మందమో స్లాబ్ మందమో అయితే జత కుదురుతుంది. అంతకంటే బాగా ఎక్కువైతే కుదరదు. జత దొరకని తలం అవతల బయటి గాలే ఉందని రెవిట్ ఫైల్లో రాసేస్తుంది. మీ ఐదో అంతస్తు సీలింగ్‌కి ఎండ తగిలింది ఇలాగే.

రెవిట్ నుంచి జీబీఎక్స్‌ఎంఎల్ తీయడానికి రెండు దారులున్నాయి. 'యూజ్ ఎనర్జీ సెట్టింగ్స్' పెడితే గోడలు, స్లాబులు చూసి రెవిట్ తానే స్పేసులు కనిపెడుతుంది. 'యూజ్ రూమ్/స్పేస్ వాల్యూమ్స్' పెడితే మీరు పెట్టిన రూములు లేదా స్పేసుల ఘనపరిమాణాలే ఫైల్లోకి వెళ్తాయి. రూములే లేని కాన్సెప్ట్ మోడల్‌కి మొదటిది సరిపోతుంది. శాంక్షన్ డ్రాయింగ్ దశ దాటిన మోడల్‌కి నేను రెండోదే వాడమంటాను. తప్పు వస్తే ఏ రూము వల్ల వచ్చిందో అందులో చూపించగలం. మొదటి దారిలో 'అనలిటికల్ స్పేస్ రిజల్యూషన్' 457 మి.మీ., 'అనలిటికల్ సర్ఫేస్ రిజల్యూషన్' 305 మి.మీ. అని ముందే పెట్టి ఉంటాయి. గదులు తప్పిపోయాయని చాలామంది వీటిని 100, 50కి దించేస్తారు. అప్పుడు రన్ టైమ్ విపరీతంగా పెరుగుతుంది, ప్రతి చిన్న సందూ ఒక స్పేస్ అయి కూర్చుంటుంది. పెంచేస్తే డక్ట్ షాఫ్టులు పక్క గదిలో కలిసిపోతాయి. ఆ రెండు అంకెలతో ఆడుకోవడం కంటే సందులు మూయడమే తక్కువ పని.

పని మొదలుపెట్టేది ఒరిజినల్ ఫైల్లో కాదు, డిటాచ్ చేసిన కాపీలో. అందులో బయటి గోడలు, స్లాబులు, రూఫ్, కిటికీలు, జోన్లను విడదీసే పార్టిషన్లు ఉంచి మిగతావన్నీ తీసేయండి: ఫర్నిచర్, రెయిలింగులు, మొక్కలు, గ్లాసు క్యాబిన్లు, టాయిలెట్ క్యూబికల్స్. ఎనర్జీ లెక్కకి అవేవీ అక్కర్లేదు, ఎక్స్‌పోర్ట్‌కి ప్రతిదీ అడ్డమే. మీది ఎంఈపీ (ఏసీ, కరెంటు, ప్లంబింగ్) ఫైలై, ఆర్కిటెక్చర్ మోడల్ అందులో లింకై ఉంటే, ఆ లింక్ టైప్ ప్రాపర్టీస్‌లో 'రూమ్ బౌండింగ్' (దీన్ని గది హద్దుగా తీసుకో అనే) టిక్ ఉందో లేదో మొట్టమొదట చూడండి. ఆ టిక్ లేకపోతే మీ స్పేసులకి లింకులోని గోడలు లేనట్టే లెక్క. ఒక్క స్పేస్ కూడా మూసుకోదు. 'నాట్ ఇన్ ఏ ప్రాపర్లీ ఎన్‌క్లోజ్డ్ రీజియన్' అన్న వార్నింగ్ వరసగా వచ్చే కేసుల్లో మొదట అనుమానించాల్సింది ఇదే.

ఆ తరవాత రూమ్ షెడ్యూల్ ఒకటి తీయండి. ఏరియా సున్నా ఉన్నవి, 'నాట్ ప్లేస్డ్', 'రిడండెంట్', 'నాట్ ఎన్‌క్లోజ్డ్' అని ఉన్నవి అక్కడే కనబడతాయి. మీకు మాయమైన గదులు వీటిలోవే అయి ఉంటాయి. ప్లాన్‌లోంచి చెరిపితే రూము డేటాలో మిగిలే ఉంటుంది, షెడ్యూల్‌లోంచి తీసేస్తేనే పోతుంది. పేర్లు కూడా అక్కడే సరిచేసుకోండి. కామా, సెమికోలన్, ఆశ్చర్యార్థకం ఉన్న పేర్లు ఎనర్జీప్లస్ చదివే ఐడీఎఫ్ ఫైలుకి విషం, ఎందుకంటే అందులో ఫీల్డులను విడదీసేది కామా, ఆబ్జెక్టును ముగించేది సెమికోలన్, కామెంట్ మొదలుపెట్టేది ఆశ్చర్యార్థకం.

ఇక ఎత్తుల సంగతి. మీ సమస్యలో సగం ఇక్కడే ఉందని నా అంచనా.

ఆర్కిటెక్చర్ ట్యాబ్‌లో 'ఏరియా అండ్ వాల్యూమ్ కంప్యూటేషన్స్' తెరిచి 'ఏరియాస్ అండ్ వాల్యూమ్స్' ఎంచుకోండి. 'ఏరియాస్ ఓన్లీ' మీద ఉంటే రెవిట్ పైన స్లాబ్ ఎక్కడుందో పట్టించుకోదు. రూము ప్లాన్‌లో పెట్టినప్పుడు దాని పైహద్దు టెంప్లేట్ ఇచ్చిన ఏదో స్థిరమైన ఎత్తే అవుతుంది. ఆర్కిటెక్ట్‌కి రూము అంటే పేరు, ఏరియా, ట్యాగ్. ఎత్తు తప్పున్నా డ్రాయింగ్ షీటులో ఏ తేడా కనబడదు కాబట్టి దాన్ని ఎవరూ ముట్టుకోరు. మీ అంతస్తు ఎత్తు 3.9 మీ. అనుకోండి, రూము ఎత్తు 3.0 మీ. అనుకోండి. మధ్యలో 0.9 మీ. ఖాళీ. కింది రూము సీలింగ్ రూఫ్ అయిపోతుంది, పై రూము ఫ్లోర్ బయటి గాలికి తేలే ఫ్లోర్ అయిపోతుంది. ఒకే తప్పుకి రెండు అంతస్తులు వేడెక్కుతాయి. నాలుగు, ఐదు అంతస్తులకే ఇలా వచ్చి మిగతావి బాగున్నాయంటే, ఆ రెండింటి రూములు వేరే ఎవరో వేరేసారి పెట్టి ఉంటారు, లేదా ఆ లెవల్ ఎత్తు తరవాత మారి ఉంటుంది.

అన్ని రూములూ ఎంచుకుని 'అప్పర్ లిమిట్' పై లెవల్‌కి, 'లిమిట్ ఆఫ్‌సెట్' సున్నాకి పెట్టండి. రూములకి ఇది షెడ్యూల్‌లోనే ఒకేసారి చేయొచ్చు. తరవాత ఒక సెక్షన్ వ్యూ తీసుకుని విజిబిలిటీ గ్రాఫిక్స్‌లో రూమ్స్ కింద 'ఇంటీరియర్ ఫిల్' ఆన్ చేయండి. నిండిన రంగుకీ పై స్లాబుకీ మధ్య తెల్లటి పట్టీ ఎక్కడ కనబడితే అక్కడ రేపు రూఫ్ వస్తుంది. రెండు సెక్షన్లు, అడ్డంగా ఒకటి నిలువుగా ఒకటి, చాలు.

ఆఫ్‌సెట్ సున్నా పెట్టినా పట్టీ పోలేదా? అయితే ఫాల్స్ సీలింగ్ చూడండి. సీలింగ్ ఎలిమెంట్లు కూడా రూమ్ బౌండింగే, కాబట్టి 2.7 మీ. దగ్గర జిప్సం సీలింగ్ ఉంటే రూము అక్కడే ఆగిపోతుంది. పైనున్న 1.2 మీ. ఏ రూముకీ చెందదు. రిటర్న్ ఎయిర్ (గదిలోంచి ఏసీకి తిరిగి వెళ్లే గాలి) సీలింగ్ పైనుంచి వెళ్తున్నట్లయితే ఆ ఖాళీకి విడిగా ఒక స్పేస్ పెట్టి ప్లీనమ్ (గాలి వెళ్లే ఖాళీ) అని గుర్తుపెట్టడం సరైన పద్ధతి. డక్టు రిటర్న్ అయితే అంత అవసరం లేదు. సీలింగులకు రూమ్ బౌండింగ్ టిక్ తీసేసి రూముని స్లాబ్ దాకా పోనివ్వండి. మీ దశలో రెండోదే చేయమంటాను.

కాలమ్స్‌కి కూడా ఆ టిక్ తీసేయండి. 600×600 కాలమ్ ఒక్కొక్కటీ రూము అంచులో మూడు నాలుగు చిన్న తలాలు పుట్టిస్తుంది, వాటికి గోడ కన్‌స్ట్రక్షన్ తగులుకుంటుంది, లెక్కలో ఏ ప్రయోజనమూ ఉండదు. లిఫ్ట్ షాఫ్టులకు కింది నుంచి పై దాకా ఒకే రూము పెడితే మధ్య లెవల్స్‌లో మళ్లీ రూములు పెట్టకండి, ఘనపరిమాణం రెండుసార్లు లెక్కకొస్తుంది. టాయిలెట్ డక్టులు, ఎలక్ట్రికల్ షాఫ్టులు చిన్నవైతే వాటి గోడలకు రూమ్ బౌండింగ్ తీసేసి పక్క గదిలో కలిపేయండి. వాటిని ఖాళీగా, రూము లేకుండా వదిలేస్తే మాత్రం చుట్టూ ఉన్న లోపలి గోడలు ఎక్స్‌టీరియర్ వాల్స్ అయిపోతాయి. బిల్డింగ్ నడిమధ్యలో బయటి గోడ కనబడితే కారణం దాదాపు ఎప్పుడూ రూము పెట్టని షాఫ్టే.

కర్టెన్ వాల్ (బయటి ముఖమంతా పరిచే గాజు గోడ) గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన ఐటీ కారిడార్ బిల్డింగుల్లో రిజల్టును తలకిందులు చేసేది అదే. ప్లేటు, అంటే ఒక అంతస్తు ప్లాన్, 40 మీ. × 25 మీ. అనుకుందాం. చుట్టుకొలత 130 మీ. 1.2 మీటర్ల ప్యానెళ్లయితే ఒక వరసకి 108. కింద స్పాండ్రెల్ (స్లాబునీ బీమునీ కప్పే ప్యానెల్), పైన విజన్ గ్లాసు (బయటికి చూసే గాజు) అని రెండు వరసలంటే అంతస్తుకి 216, తొమ్మిది అంతస్తులకి 1,944 ఓపెనింగులు. ఎనర్జీప్లస్ ఒక్కో కిటికీకి విడిగా నీడ, విడిగా ఉష్ణోగ్రత లెక్క కడుతుంది. నిమిషాల్లో అయ్యే రన్ గంటలు పడుతుంది.

అంతకంటే పెద్ద తప్పు స్పాండ్రెల్. బయటినుంచి చూస్తే అదీ గాజే, వెనకాల ఇన్సులేషన్, షీటు ఉన్నాయని ఎక్స్‌పోర్టర్‌కి తెలియదు. ఆర్కిటెక్ట్ దానికీ అదే గ్లాస్ ప్యానెల్ ఫ్యామిలీ వాడి ఉంటే అది కిటికీగానే వెళ్తుంది. 3.9 మీ. ఎత్తులో విజన్ గ్లాసు 1.5 మీటర్లే అయితే గోడకి కిటికీల నిష్పత్తి 38 శాతం. స్పాండ్రెల్ కూడా కిటికీగా వెళ్తే అది దాదాపు 100 శాతం. ఈసీబీసీ (మన దేశపు కమర్షియల్ బిల్డింగుల ఇంధన పొదుపు కోడ్) ప్రిస్క్రిప్టివ్ పద్ధతిలో, అంటే ఒక్కో భాగానికి విడిగా హద్దు పెట్టే దారిలో, పరిమితి 40 శాతం. అంటే పాసయ్యే బిల్డింగ్ ఫైలు మార్పిడిలోనే ఫెయిలైపోతుంది. మీ కూలింగ్ లోడ్ నమ్మేలా లేకపోవడానికి అబద్ధపు రూఫుల తరవాత నేను అనుమానించేది దీన్నే.

స్పాండ్రెల్‌కి సాలిడ్ ప్యానెల్ ఫ్యామిలీ వేసి అపారదర్శక మెటీరియల్ ఇస్తే ఇది కొంత తగ్గుతుంది. నాకు నచ్చిన దారి వేరు: మీ కాపీలో కర్టెన్ వాల్ మొత్తం తీసేసి అదే లైనులో మామూలు బేసిక్ వాల్ గీయండి, జోన్ ముఖానికి ఒక్క స్ట్రిప్ విండో పెట్టండి. 40 మీ. ముఖానికి 1.5 మీ. ఎత్తు స్ట్రిప్ అంటే దాదాపు 60 చ.మీ. గాజు. 33 ముక్కలు పెట్టినా లోపలికొచ్చే సౌర వేడి మొత్తం ఇంచుమించు అంతే. మలియన్ల (గాజు ప్యానెళ్ల మధ్య పట్టీల) ప్రభావాన్ని గ్లేజింగ్ యూ-వాల్యూలో (వేడి దాటే రేటు) ఫ్రేముతో కలిపి ఇవ్వండి. స్ట్రిప్‌ని గోడ అంచుదాకా లాగకుండా చుట్టూ 20 నుంచి 50 మి.మీ. వదలండి, ఎందుకో ఎర్రర్ల దగ్గర చెబుతాను.

ఫిన్నులు, చజ్జాలు కూడా అంతే. 'కాంప్లెక్స్ విత్ షేడింగ్ సర్ఫేసెస్' పెట్టి తీస్తే పారాపెట్ అంచు నుంచి ఏసీ లెడ్జ్ దాకా అన్నీ షేడ్ తలాలై వస్తాయి. వివరం తక్కువ ఉన్న ఆప్షన్‌తో ఎక్స్‌పోర్ట్ చేసి, నిజంగా నీడనిచ్చే 600 మి.మీ. చజ్జాలను, పక్కనున్న టవర్లను డిజైన్‌బిల్డర్‌లోనే నేరుగా గీసుకోవడం తేలిక.

స్టిల్ట్, సెల్లార్ల దగ్గర ఎనర్జీ సెట్టింగ్స్‌లోని 'గ్రౌండ్ ప్లేన్' సరిగ్గా నేల లెవల్‌కి ఉండాలి. పొరపాటున మొదటి అంతస్తు లెవల్‌కి పెడితే స్టిల్ట్ మీది స్లాబు 'స్లాబ్ ఆన్ గ్రేడ్'గా మారిపోతుంది. కింద కార్లు నిలబడి వేడి గాలి ఆడే స్లాబుకి చల్లటి మట్టి తగిలించినట్టు. ఆ స్లాబ్ బయటి గాలికి తెరుచుకున్న ఫ్లోర్‌గా రావాలి. స్టిల్ట్‌కి రూము పెట్టనక్కర్లేదు, సెల్లార్లకి మాత్రం ఏసీ లేని జోన్‌గా ఒక్కో రూము పెట్టండి. జూబ్లీహిల్స్, కోకాపేట లాంటి వాలు స్థలాల్లో లోయర్ గ్రౌండ్ ఒకవైపు రాతిలో, ఒకవైపు గాలికి ఉంటుంది. గ్రౌండ్ ప్లేన్ ఒక్క లెవలే కాబట్టి అక్కడ ఏ గోడ నేలకి, ఏది గాలికి అన్నది దిగుమతి తరవాత చేత్తోనే మార్చాలి. దీనికి దొడ్డిదారి లేదు.

నేల సంగతి వచ్చింది కాబట్టి ఇంకోటి. ఎనర్జీప్లస్‌లో బిల్డింగ్ కింది నేల ఉష్ణోగ్రత ఇవ్వకపోతే అది ఏడాది పొడవునా 18 డిగ్రీలు అనుకుంటుంది. హైదరాబాద్‌లో ఏసీ ఉన్న ఫ్లోర్ కింద 18 డిగ్రీలంటే ఉచితంగా కూలింగ్ ఇచ్చినట్టే. పెద్ద కమర్షియల్ బిల్డింగులకు లోపలి సగటు ఉష్ణోగ్రత కంటే రెండు డిగ్రీలు తక్కువ పెట్టడం వాడుక. లోపల 24 అయితే 22.

అసలు తొమ్మిది అంతస్తులూ పంపాలా? రెండు నుంచి ఎనిమిది దాకా ప్లాన్ ఒకటే అయితే పంపకండి. స్టిల్ట్ మీది అంతస్తు, ఒక మధ్య అంతస్తు, చివరి అంతస్తు, ఈ మూడే పంపి మధ్యదానికి జోన్ మల్టిప్లయర్ 7 ఇవ్వండి. దాని సీలింగ్, ఫ్లోర్ అడియబాటిక్ (వేడి అటూ ఇటూ దాటనివి) పెట్టండి. మొదటి అంతస్తు సీలింగ్, చివరి అంతస్తు ఫ్లోర్ కూడా అలాగే. అంతస్తుల మధ్య జత కుదరకపోవడమనే సమస్య ఎక్కువ భాగం ఇక్కడితోనే పోతుంది. పక్కన ఎత్తైన టవర్ ఉండి కింది అంతస్తులకు నీడ, పై అంతస్తులకు ఎండ పడే చోట మాత్రం మధ్య అంతస్తుని రెండుగా విడదీయాలి.

జోన్ల విషయంలో ప్రతి క్యాబిన్నీ ఒక జోన్ చేసేయడం వృథా. ఓపెన్ ఆఫీసుకి నాలుగు ముఖాల వెంట 4.57 మీ. లోతు పెరిమీటర్ జోన్లు, మధ్యలో ఒక కోర్, వెరసి ఐదు. అమెరికా ఇంధన ప్రమాణం ఆష్రే 90.1 అపెండిక్స్-జీలో వాడే లోతు అదే. రెవిట్‌లో వీటిని రూమ్ సెపరేషన్ లైన్లతో గీస్తే ఫైల్లో ఆ హద్దులు 'ఎయిర్' రకం తలాలుగా వస్తాయి. దిగుమతి తరవాత అవి అలాగే ఉన్నాయా, పార్టిషన్ గోడగా మారాయా చూడండి. గోడగా మారితే పెరిమీటర్, కోర్ మధ్య గాలి కలవదు. పడమటి జోన్ సాయంత్రం ఉడికిపోతుంది, కోర్ చల్లగా కూర్చుంటుంది, చిల్లర్ సైజు తప్పుతుంది.

ఉత్తర దిక్కు. మోడల్ ప్రాజెక్ట్ నార్త్‌లో (షీటు పైవైపే ఉత్తరం అనుకుని) గీసి ఉంటుంది. ఈశాన్యం మూల ఎక్కడుందో వాస్తు కోసం సైటులో ప్రతివాడికీ తెలుసు, ట్రూ నార్త్ ఎన్ని డిగ్రీలన్నది మాత్రం మోడల్‌లో ఎవరూ పెట్టరు. జీబీఎక్స్‌ఎంఎల్‌లో 'క్యాడ్‌మోడల్‌అజిముత్' అన్న ఎలిమెంట్ ఈ కోణాన్ని మోస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని చదవవు, కొన్నింటితో బిల్డింగ్ రెండుసార్లు తిరిగే ప్రమాదమూ ఉంది. దిగుమతి అయ్యాక నీడ చూసి నిర్ధారించుకోండి. మన అక్షాంశం సుమారు 17.4 డిగ్రీలు. డిసెంబర్ 21న మధ్యాహ్నం దాదాపు 12:15కి సూర్యుడు సరిగ్గా దక్షిణాన, 49 డిగ్రీల ఎత్తులో ఉండాలి. జూన్ 21న అదే వేళకి నడినెత్తి నుంచి ఉత్తరానికి 6 డిగ్రీలు వాలి ఉంటాడు. అంటే నీడ కొద్దిగా దక్షిణానికి పడాలి, దక్షిణ గోడ మీద ఎండ ఉండకూడదు. ఈ రెండు చిత్రాలూ సరిపోతే దిక్కు సరే.

దిగుమతి చేసే ముందే ఫైలుని లెక్కతో పట్టుకోవచ్చు. జీబీఎక్స్‌ఎంఎల్ మామూలు టెక్స్టే. నోట్‌ప్యాడ్‌లో తెరిచి సర్ఫేస్ టైపులు వెతకండి, లేదా ఏదైనా జీబీఎక్స్‌ఎంఎల్ వ్యూయర్‌లో రకాల వారీగా రంగులు వేయించి చూడండి. పైన చెప్పిన 40×25 ప్లేటుకి తొమ్మిది అంతస్తులూ పంపితే సెల్లార్లు కాకుండా రావాల్సినవి: ఫ్లోర్ ఏరియా సుమారు 9,000 చ.మీ., ఘనపరిమాణం 35,100 ఘ.మీ., కిటికీలతో కలిపి బయటి గోడ 4,563 చ.మీ., రూఫ్ 1,000, స్టిల్ట్ మీద గాలికి తెరుచుకున్న ఫ్లోర్ 1,000, అంతస్తుల మధ్య ఫ్లోర్లు 8,000. రూఫ్ 3,000 వచ్చిందంటే రెండు అంతస్తులు విడిపోయాయని డిజైన్‌బిల్డర్ తెరవకుండానే తెలిసిపోతుంది. ఏరియా స్టేట్‌మెంట్ ఎస్‌ఎఫ్‌టీల్లో ఉంటుంది కాబట్టి 10.764తో భాగించి పోల్చండి. గోడ లోపలి అంచు నుంచి కొలిస్తే 200 మి.మీ. గోడకి ఈ ప్లేటు 974 చ.మీ. అవుతుంది, అంటే రెండున్నర శాతం తేడా సహజం. ఐదు దాటితే గది ఏదో తప్పిపోయింది. తేడా సరిగ్గా 10.76 రెట్లుంటే గది కాదు, అడుగులు మీటర్లు తారుమారయ్యాయి. ఫైలు పైభాగంలో 'లెంగ్త్‌యూనిట్' ఏముందో చూడండి.

ఇక ఎర్రర్లు. ఎనర్జీప్లస్ ఎర్రర్ ఫైలుని పైనుంచి చదవండి, చివరి వాక్యం నుంచి కాదు. మొదటి సివియర్‌ని సరిచేస్తే కింద పది పోతాయి.

రెండు మూలల మధ్య దూరం 0.01 మీ. కంటే తక్కువని, అవి ఒకటే కావచ్చని వార్నింగ్ వస్తే, ఎనర్జీప్లస్ అందులో ఒకదాన్ని తీసేస్తుంది. అలా తీసేశాక మూలలు మూడు కంటే తక్కువ మిగిలిన తలం 'డీజెనరేట్' అయి సివియర్ అవుతుంది. కాలమ్ అంచులు, ప్లాన్‌లో కొద్దిగా వంకరగా గీసిన గోడలు దీనికి మూలం. ఎక్కడో 89.97 డిగ్రీల కోణంలో గీసిన గోడ ఉంటుంది, వెతికి నిటారు చేయండి.

'బేస్ సర్ఫేస్ డజ్ నాట్ సరౌండ్ సబ్‌సర్ఫేస్' అంటే కిటికీ గోడని దాటి బయటికొచ్చింది. రూము 2.7 మీ. దగ్గర ఆగితే గోడ కూడా అంతే ఎత్తు, కిటికీ మాత్రం అసలు ఎత్తులోనే ఉంటుంది. స్ట్రిప్ చుట్టూ అంచు వదలమన్నది కూడా దీనికే.

పక్కపక్క జోన్ల ఉమ్మడి గోడ ఏరియాలు సరిపోలట్లేదన్న వార్నింగ్‌ని వదిలేయకండి. ఒకవైపు నుంచి పోయిన వేడి మరోవైపు అంతే చేరదని దాని అర్థం. జోన్ పూర్తిగా మూసుకోలేదని వచ్చే సందేశం ఉంటే ఘనపరిమాణం అంచనాగా తీసుకుంటుంది, దాంతో గంటకి ఇన్ని గాలి మార్పులని ఇచ్చిన ఇన్‌ఫిల్ట్రేషన్ తప్పుతుంది. అలాంటి జోన్‌కి ఘనపరిమాణం చేత్తో ఇవ్వడం తాత్కాలికంగా సరే. ఎల్ ఆకారపు జోన్ల మీద కాన్వెక్స్ కాదని (లోపలికి ముడుచుకున్న మూల ఉందని) ఫిర్యాదు వస్తే అది జామెట్రీ తప్పు కాదు. సోలార్ డిస్ట్రిబ్యూషన్‌ని 'ఫుల్ ఎక్స్‌టీరియర్'కి మార్చండి, పోతుంది. రూఫ్ తలకిందులుగా ఉందని, తానే తిప్పానని వచ్చే వార్నింగ్ ఒకటి రెండు సార్లైతే పర్వాలేదు. వందల్లో ఉంటే ఫైలు మళ్లీ తీయండి.

జీబీఎక్స్‌ఎంఎల్‌లో జామెట్రీ, జోన్ పేర్లు మాత్రమే మోసుకురండి. కన్‌స్ట్రక్షన్లు, షెడ్యూళ్లు, ఏసీ సిస్టమ్ దానితో తేవద్దు. రెవిట్‌లో థర్మల్ అసెట్ తగిలించని మెటీరియల్స్ ఉంటాయి, వాటి స్థానంలో ఏ విలువ వచ్చిందో వెతకడానికి పట్టే సమయంలో ఏఏసీ గోడ, స్లాబ్, గ్లాసు మూడూ డిజైన్‌బిల్డర్‌లో నేరుగా ఇచ్చేయొచ్చు. మోడల్ లొకేషన్ కూడా చూడండి. టెంప్లేట్‌లో వేరే ఊరు మిగిలి ఉంటే, ఏడాది రన్‌లో ఎనర్జీప్లస్ వెదర్ ఫైలులోని ఊరినే తీసుకుంటుంది కాబట్టి యూనిట్లు సరిగ్గానే వస్తాయి. సైజింగ్ మాత్రం ఐడీఎఫ్‌లో ఉన్న డిజైన్ డే (ఏసీ సైజు కట్టడానికి తీసుకునే తీవ్రమైన రోజు) నుంచి జరుగుతుంది. అది మనకంటే చల్లటి ఊరిదైతే ఏహెచ్‌యూలు (గాలిని చల్లబరిచి పంపే యూనిట్లు) చిన్నవై అన్‌మెట్ అవర్స్ (గది కోరిన ఉష్ణోగ్రతకి చేరని గంటలు) 300 దాటొచ్చు. ఇష్రే (మన దేశపు ఏసీ ఇంజనీర్ల సంఘం) హైదరాబాద్ వెదర్ ఫైలు వాడుతుంటే స్టేషన్ నంబర్ 431280, టైమ్ జోన్ 5.5 ఉన్నాయో లేదో ఒకసారి సరిచూసుకుని, డిజైన్ డేలు కూడా హైదరాబాద్‌వే పెట్టండి.

వంపు తిరిగిన ముఖాలు, అంతస్తుకో ఆకారం, ఏట్రియం ఉన్న మోడల్ వస్తే నేను ఎక్స్‌పోర్ట్ జోలికి వెళ్లను. ప్లాన్లను డీఎక్స్‌ఎఫ్‌గా (క్యాడ్ డ్రాయింగ్ ఫైలు) తీసి డిజైన్‌బిల్డర్‌లో కింద పరుచుకుని, దాని మీద బ్లాకులు గీయడమే తొందరగా అవుతుంది. మీది దీర్ఘచతురస్రపు ప్లేటు కాబట్టి ఎక్స్‌పోర్ట్‌కి పనికొస్తుంది. రూము ఎత్తులు సర్ది, కర్టెన్ వాల్ మార్చి, మూడు అంతస్తులకు తగ్గించాక కూడా ఉమ్మడి గోడల వార్నింగులు పదుల్లో ఉంటే గీసేయండి, మొహమాటం వద్దు.

ఐఎఫ్‌సీకి మారితే ఇవేవీ పోవు. ఎనర్జీ లెక్కకి ఐఎఫ్‌సీలో రెండో స్థాయి స్పేస్ బౌండరీలు కావాలి. మొదటి స్థాయిలో ఒక గోడ అవతల మూడు గదులున్నా ఒకే తలంగా ఉంటుంది, రెండో స్థాయిలోనే అది మూడుగా తెగుతుంది. రెవిట్ ఐఎఫ్‌సీ ఎక్స్‌పోర్ట్ సెట్టింగుల్లో ఈ ఎంపిక విడిగా ఉంటుంది, సాధారణంగా ఎవరూ ముట్టుకోరు. అది పెట్టినా ఆ బౌండరీలు లెక్కకట్టేది అవే రూముల నుంచి. రూము 3.0 మీ. దగ్గర ఆగితే ఐఎఫ్‌సీలోనూ అక్కడే ఆగుతుంది. పైగా షేర్డ్ కోఆర్డినేట్స్‌తో తీస్తే బిల్డింగ్ సర్వే అంకెల మీదికి వెళ్లి కూర్చుంటుంది. యూటీఎం (మ్యాపుల్లో మీటర్లతో చోటు చెప్పే పద్ధతి) 44 జోన్‌లో గచ్చిబౌలికి తూర్పు అంకె 2 లక్షల మీటర్ల పైన, ఉత్తర అంకె 19 లక్షల మీటర్ల పైన ఉంటుంది. అంత దూరంలో మిల్లీమీటర్ల కచ్చితత్వం పోయి మూలలు కలవవు. ఐఎఫ్‌సీ తప్పనిసరి అయితే ప్రాజెక్ట్ బేస్ పాయింట్ ఆధారంగా తీయండి.